తల తిప్పిన చిలుకల చీరె

మా బిడ్డ మానస జడ్చర్ల నుంచి ఒకే ఒక్క సంచితో దిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మందుల కంపెనీలో నెల జీతం తీసుకునే పిల్ల నల్లగొండ బస్టాండులో దిగిందంటే కనీసం మూడు బ్యాగులు, ఒక అట్టపెట్టె, ఇస్త్రీ నలిగిపోతుందని చేతిలోనే పట్టుకొచ్చిన ఒక డ్రెస్సు ఉండాలి. ఇదివరకు తను వస్తుందంటే నేను ఆటో మాట్లాడేవాణ్ని కాదు, ట్రాలీ మాట్లాడేవాణ్ని. ఆ సామాను దిగేసరికి మా గల్లీలో ఎవరో కొత్తగా కిరాయికి దిగుతున్నారని పాలవాడు ఖాతా తెరవడానికి వచ్చేవాడు. ఈసారి భుజానికి ఒక గుడ్డసంచి, అది కూడా సగం ఖాళీ.

"మిగతా సామానేది?" అన్నాను.

"గింతే డాడీ."

"రూము ఖాళీ చేసినవా?"

"లే."

"కొలువు పోయిందా?"

"అయ్యో, ఉంది డాడీ. నా బట్టలు మొత్తం ఇవే. మిగిలినయి ఇచ్చేసిన. ఇంక కొనను. ఉన్నయి చినిగేదాంక తొడుక్కుంట, చినిగితే కుట్టుకుంట."

ఒక మనిషి ఇక బట్టలు కొననని తనంతట తాను చెప్పిందంటే మా వైపు దానికి అర్థాలు తక్కువ. సన్యాసమైనా తీసుకుని ఉండాలి, ఎవరికైనా ఏదైనా మాటిచ్చి ఉండాలి. రెండూ తండ్రికి చెప్పే విషయాలు కావు. ఇంటికి వచ్చాక నేను ఆ సంచిని దూరం నుంచి, దగ్గర నుంచి, చివరికి తను స్నానానికి పోయినప్పుడు లోపలి నుంచి కూడా పరిశీలించాను. చెరువు ఎండితే అడుగున కనిపించే రంగు ఒకటి, పొయ్యి ఊడిస్తే వచ్చే రంగు ఒకటి, మజ్జిగలో నీళ్లెక్కువైతే వచ్చే రంగు ఒకటి. ఏ బట్ట ఏ బట్ట మీదికైనా కలుస్తుందట, అందుకని అవే రంగులట. అడుగున సూది, దారపుండ. సన్యాసులు కూడా కాస్త కాషాయం వేసుకుంటారు కదా, ఇదేం మతమో అనుకున్నాను. వాటిలో ఒక బూడిదరంగు అంగీ ధర తర్వాత తనే చెప్పింది. ఆ డబ్బుకు మా చిన్నప్పుడు ఒక మేక, దాని పిల్ల, వాటిని కాసేవాడు కూడా వచ్చేవాళ్లు.

మరునాడు చాయ తాగగానే తను మా బీరువా తెరిచింది. తెరవడం కాదు, సోదా చేసింది. ఒక్కొక్క బట్ట తీసి మంచం మీద వేస్తూ, "ఇది ఆఖరుసారి ఎప్పుడు తొడుక్కున్నవు?" అని నన్ను నిలబెట్టి అడిగింది. ఏడాదిలో ఒక్కసారైనా ఒంటి మీదికి ఎక్కని బట్ట ఇంట్లో ఉండకూడదట, అవసరమున్న వాళ్లకు పోవాలట. మా ఇంటామె ఈ దర్యాప్తు తన అర వైపు వస్తుందని పసిగట్టి, పక్కింటి వాళ్లకు తోడంటుకోలేదట, పెరుగు ఇచ్చొస్తానని మాయమైంది. నేనొక్కణ్నే దొరికాను. కింది అర తెరిస్తే శాలువాలు బయటపడ్డాయి. తెలంగాణ వచ్చినాక మా జిల్లాలో రచయితలకు సన్మానాలు పెరిగాయి. హాస్యం రాసేవాడికి మరీను, వాడు మాట్లాడితే జనం కూర్చుంటారని ప్రతి సంఘమూ పిలుస్తుంది. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి, ముట్టుకుంటే కరెంటు కొట్టేవి. గుట్ట పోస్తే నల్లగొండ గుట్టల పక్కన ఇంకో గుట్టగా నిలబడతాయి.

"ఇండ్ల ఒక్కటన్న కప్పుకున్నవా డాడీ?"

"కప్పించుకున్న."

హాల్లో నులక మంచం మీద కూర్చున్న మా అమ్మ పోక చెక్క కొరుకుతూ కిసుక్కుమంది. అమ్మకు ఎనభై దగ్గర పడుతున్నాయి. వినపడదని మేమనుకుంటాం, ఆమెకు కావలసినవన్నీ వినపడతాయి. "గిదేందో కొత్త చదువనుకుంటున్నవా బిడ్డా? మా అత్త గీ చదువు నాకు పెండ్లయిన నాడే చెప్పింది," అంది.

అమ్మ అత్తంటే మా అవ్వ, బాపును కన్న తల్లి. ఆమె పేరెత్తితే చాలు, నేను ఇప్పటికీ తెలియకుండానే అంగీ గుండీలు సరిచూసుకుంటాను. కట్టంగూరు దాటి లోపలికి పోతే మా ఊరు. సాలెవాళ్ల వాడలో, ఇంట్లో సగం జాగా మగ్గానికి, మిగిలిన సగంలో మేమందరం. ఆ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక దండెం ఉండేది, వెదురు గడ. బీరువా, పెట్టె, అర అన్నీ అదే. అవ్వ చట్టం ఒక్కటే: ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి. మూడోది కనిపిస్తే దొంగతనమైనా చేసి ఉండాలి, పెండ్లయినా కుదిరి ఉండాలి. బడి నుంచి రాగానే గడప లోపలికి కాలు పెట్టకముందే అంగీ విప్పాలి, దులపాలి, దండెం మీద వేయాలి, వట్టి లాగు మీద ఆడుకోవాలి. పొద్దుగూకే వేళ అవ్వ ఒక్కొక్క అంగీ తీసి చంక దగ్గర వాసన చూసేది. చెమట వాసనైతే సరే. మామిడి జీడి వాసనైతే తోటకు పోయినట్టు, బురద వాసనైతే వాగుకు పోయినట్టు. పోలీసు కుక్కలు వచ్చాక నాకు ఆశ్చర్యం కలగలేదు, మా ఇంట్లో ఆ కొలువు ఎప్పుడో భర్తీ అయి ఉండేది. అవ్వకు గాలి మీద అనుమానం, దండెం మీది తువ్వాలను అదెందుకు ఊపుతోందని. మేకల మీద అనుమానం. ఉతికిన బట్ట మీద కూడా అనుమానమే, నీళ్లు దాని బలం లాగేశాయని.

మా ఇంట్లో బట్టకు చావు లేదు, జన్మలే. అన్న అంగీ పొట్టిదై నాకు వచ్చేది. నాకు పొట్టిదైతే చేతులు కత్తిరించి సంచి అయ్యేది. సంచి అడుగు పోతే అవ్వ దాన్ని బొంతలో కుట్టేది. బొంత పీలికలైతే వాటిలో గట్టిగా ఉన్నది ఏరి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసేది. ఆ మసిగుడ్డ కూడా అలిసిపోతే చీల్చి, పేని, దీపంలో వత్తి వేసేది. ఒకసారి దీపం దగ్గర చదువుకుంటూ వత్తి వైపు చూస్తే అందులో నా ఒకటో తరగతి అంగీ నీలి పోగు కనిపించింది. నా చదువుకు నా అంగీయే కాలింది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె మా వాడకు వచ్చినా మా గడప తొక్కేది కాదు. కొత్తగా వచ్చిన ఒకామె తెలియక గంప దించింది. అవ్వ ఎంతో ధైర్యం చేసి ఇచ్చిన మూటను ఎండకెత్తి చూసి, "గివి బట్టలా అవ్వా, గాలా?" అని అడిగి, తనే జాలిపడి ఒక చెంచా ఇచ్చి పోయింది. ఆ చెంచా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మరి నేసేవాళ్ల ఇంట్లో బట్టలకు ఇంత కరువేమిటని మానసకు అనుమానం వచ్చింది. రావలసిందే. నూలు షావుకారుది, చీరె షావుకారుది, కూలి ఒక్కటే మాది. బాపు చేతి మీదుగా ఎన్ని చీరెలు పోయాయో, మా అమ్మ ఒంటి మీదికి వచ్చినవి మాత్రం సంతలో కొన్న మిల్లు చీరెలు. ఒకే ఒక్క దారిన మగ్గం బట్ట మా దండెం మీదికి వచ్చేది, అది తప్పు జరిగినప్పుడు. మా వైపు నేత చూసినవాళ్లకు తెలుసు. బొమ్మ మగ్గం మీద పుట్టదు, దారంలోనే ముందుగా పుడుతుంది. అమ్మ ఆసు ముందు కూర్చుని, ఆ చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పి పోసేది. బాపు ఆ దారాల మీద గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తుల మీద అమ్మ సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి ముడులు వేసేది. ముడి ఉన్నచోట రంగు అంటదు, లేనిచోట అంటుతుంది. అట్లా రంగు ముంచి, ఆరేసి, విప్పి నేస్తే అప్పుడు చిలుకో ఏనుగో లేచి కూర్చుంటుంది. ముడి జరిగితే బొమ్మ చెదురుతుంది. చెదిరితే షావుకారు కూలి కోసుకుని చీరెను మా మీదికే విసిరేసేవాడు. దాన్ని దర్జీ కోసి మాకు అంగీలు కుట్టేవాడు. కొత్త అంగీకి అవ్వ మూలకు పసుపు పెట్టి, "తప్పు బట్ట, తప్పు పనులు చెయ్యకు," అని దీవించి తొడిగేది. నాకు ఒకసారి ఏనుగుల అంగీ వచ్చింది. ముందొక తొండం, వెనకొక తోక రావాలి కదా. నా ఏనుగుకు అటూ తోకే, ఇటూ తోకే. ఊళ్లో పిల్లలు, "ఇది పోతున్నదా, వస్తున్నదా?" అని అడిగేవాళ్లు. నేను బడి మానేద్దామనుకున్నాను. దాని బదులు హాస్యం రాయడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో మగ్గం చప్పుడు గోడ లాంటిది, ఎప్పుడూ ఉండేది, ఎవరికీ వినపడేది కాదు. ఆగితే మాత్రం అందరం తలెత్తేవాళ్లం. ఒక మధ్యాహ్నం మగ్గం ఆగింది. నేను గడపలో గోళీలు లెక్క చూసుకుంటున్నాను. బాపు మగ్గం గుంటలో కూర్చుని నేసిన మేర చూశాడు. వంగి మళ్లీ చూశాడు. తలెత్తి ఆసు దగ్గరున్న అమ్మ వైపు చూశాడు. అమ్మ దారం వైపు చూసింది. వక్కపలుకు నమిలేంతసేపు ఆ ఇల్లు అట్లాగే ఉంది. తర్వాత మగ్గం మళ్లీ కదిలింది, చీరె అయ్యేదాకా ఆగలేదు.

నీలం మీద తెల్లటి చిలుకలు, ఎర్ర అంచు. వరుసకు ఇన్నేసి చిలుకలు, అన్నీ ఒకే వైపు పోతున్నట్టు. కానీ ప్రతి వరుసలోనూ చివరి చిలుక తల తిప్పి వెనక్కి చూస్తోంది. షావుకారు చీరె విప్పి, మడిచి, బాపు ఒళ్లో పడేశాడు. కూలి పోయింది. ఆ నెలంతా గంజి పలచనైంది. అయితే మా అవ్వకు ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. చీరెను వాకిట్లో ఎండకు పరిచి, చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వేలితో ఒక వరుస చివరి చిలుక ముక్కును తాకి చూసింది.

"పొరపాటైతే తల చెదురుతది. తల తిరగదు," అంది. "కన్ను కన్ను లెక్కనే ఉంది, ముక్కు ముక్కు లెక్కనే ఉంది. ఇది కావాల్నని పెట్టిన గుర్తు. గుర్తులు పెట్టేదెవలు? నా కొడుకు. పెండ్లానికి చీరె ఇయ్యలేక షావుకారు చీరెను చెడగొట్టిండు. దొంగ!"

బాపు ఔనలేదు, కాదనలేదు. గంజి తాగి మగ్గం గుంటలో దిగాడు. అప్పటి నుంచి ఆ వాడలో ఏ చీరె చెదిరినా, "మీ వాని లెక్కనా?" అని అవ్వను అడిగేవాళ్లు. అవ్వ ఎవరితోనూ కలహించకుండా ఇంటికొచ్చి బాపుతో కలహించేది. ఆ చీరె అంగీలు కాలేదు, బొంతలో పడలేదు, వత్తి కాలేదు. అమ్మ దాన్ని ఒంటి మీద వేసుకోలేదు. వేసుకుంటే అవ్వ మాట నిజమైనట్టు, బాపు దొంగైనట్టు. అవ్వ చట్టాన్ని మీరి మా ఇంట్లో బతికిన మూడో బట్ట అదొక్కటే.

ఈ కథంతా విన్నాక, హాల్లో శాలువాలు ముందేసుకుని కూర్చున్న మానస వాటిని వదిలేసి లేచింది. నేను గండం గడిచిందనుకున్నాను. తను తిన్నగా పోయి అమ్మ మంచం కింది రేకుపెట్టె లాగింది. అవ్వ పోయినా ఆమె ముక్కు మా ఇంట్లోనే తిరుగుతోందని నాకు తెలిసింది. పెట్టెలో ఎండు వేపాకు వాసన. పాత పంచె గుడ్డలో చుట్టి, నలగకుండా, మడత మార్చి మార్చి పెట్టిన ఆ నీలం చీరె. చిలుకలు బయటికి రాగానే అన్నీ ఒకే వైపు పోతున్నాయి, వరుసకొకటి తప్ప.

"నానమ్మా, నువ్వు దీన్ని ఒక్కసారి గూడ కట్టలేదా?"

"లే."

"ఏడాదికొక్కసారి కట్టకపోతేనే ఇచ్చెయ్యాలంటిని. ఇది ఎన్నేండ్లాయె? మా దోస్తు గిట్ల పాత చీరెలు తీసుకుంటది, కోసి అంగీలు, సంచులు కుట్టి మంచి ధరకు అమ్ముతది. ఇది సూస్తే కండ్లకద్దుకుంటది."

చూశారా, అక్కడ తేలింది. పాత పనికి ఎవరైనా కొత్త పేరు పెట్టారంటే వెనకాల అమ్మేవాడు ఉంటాడని నా అనుమానం. మాకు బట్టలు లేనప్పుడు రెండు జతలతో బతకడానికి పేరే లేదు, ఇప్పుడు ఉన్నవాళ్లు కొనడం మానేసేసరికి దానికొక పేరు, ఒక దుకాణం. ఆ మాటే అన్నాను. మానస ముఖం చిన్నబోయింది.

"నేనేం అమ్ముకుంటలేను డాడీ. రూము నిండ బట్టలు, పొద్దున లేస్తే ఏం తొడుక్కోవాల్నో తెల్వక ఏడ్సిన రోజులున్నయి. గిప్పుడు లేవంగనే మనసు నిమ్మళంగ ఉంటది. గంతే. నానమ్మను కట్టుకోమను, లేకుంటే కట్టుకునేటోళ్లకు ఇయ్యమను. పెట్టెల పెట్టి ఏడిపిచ్చుడెందుకు?"

ఎవరిని ఏడిపించడమో తను చెప్పలేదు. చీరెనే అనుకుంటాను. అమ్మ మాత్రం చెయ్యి చాపి చీరెను ఒళ్లోకి లాక్కుంది. బొటనవేలితో వెనక్కి తిరిగిన చిలుకను తడిమింది. చాలాసేపు తడిమింది. నాకు ఉన్నట్టుండి భయం వేసింది. కోయడానికి ఇచ్చేస్తుందేమో. ఇచ్చేస్తే బాపు మీద పడ్డ మాట ఇక ఎప్పటికీ తేలదు. నేను సాక్షిని కదా, మగ్గం ఆగడం విన్నాను. విని కూడా అవ్వ మాటనే నమ్మాను. బాపు పోయేదాకా, ఈ మనిషి ఒక్కసారి దొంగతనం చేశాడు, అదీ అమ్మ కోసం చేశాడు అని లోపల్లోపల ముచ్చటపడ్డాను కూడా.

"అమ్మా, నిజం చెప్పు. బాపు ఆ గుర్తు కావాలనే పెట్టిండా?"

"గుర్తు మీ బాపు సక్కగనే పెట్టిండు," అంది అమ్మ. "అన్ని చిలుకలు ఒక్క దిక్కుకే పెట్టిండు."

"మరి?"

"మరేందిరా? మీ అవ్వ గుర్తులు పెట్టేదెవలని అడిగింది. ముడులేసేదెవలని ఎవలన్న అడిగిండ్రా?"

  ఇల్లంతా అనుమానించి, గాలినీ మేకలనూ అనుమానించి, ఆసు ముందు తలొంచుకుని కూర్చున్న మనిషిని అవ్వ అనుమానించలేదు. అవ్వ ముక్కును నమ్ముకుని నేనూ అనుమానించలేదు.

"నేసేటోని పెండ్లాన్ని," అంది అమ్మ, ఎవరితోనో పాత తగువు తీర్చుకుంటున్నట్టు. "నా ఒంటి మీద ఆయన నేసింది ఒక్కటి లేకుండె. ముడులేసుకుంట చూస్తే, అన్ని చిలుకలు ఒకదాని ఎనక ఒకటి పోతనే ఉన్నయి. ఒక్కటన్న ఎనకకు తిరిగి సూడొద్దా? చేసిన. కూలి పోతదని తెల్వకనా? తెలిసే చేసిన."

"బాపుకు తెలుసా?"

"మొదటి వరుసల్నే తెలిసింది. మగ్గం ఆపిండు. నా దిక్కు సూసిండు. మల్ల నేసిండు. మీ అవ్వ దొంగ అన్ననాడు నేను నోరు తెరిస్తే, ఊకో అని కండ్లతోనే అన్నడు. ఆయన నోరు మూసుకున్నంక నేను కట్టుకుని ఎట్ల తిరగాలెరా? అత్త పోయినంక కట్టుకుందునా అంటే, కట్టుకో అని ఆయన అననే లేదు. ఆయన అంటడని నేను సూసిన, నేను అడుగుతనని ఆయన సూసిండు. గట్లనే పాయె."

మానస లేచింది. అమ్మను చెయ్యి పట్టి లేపి, లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. వాళ్లు లోపల ఏదో మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు, మధ్యలో, "అబ్బ, గట్టిగ గుంజకు బిడ్డా, పాత నూలు," అన్న మాట వినిపించింది. నేను హాల్లో శాలువాల గుట్ట మధ్య కూర్చుని, అరవై చిలుకలున్నాయో ఆరు వందలున్నాయో తెలియని ఒక చీరె కోసం, ఒక మగవాడు బతికినంతకాలం దొంగన్న పేరు మోశాడని ఆలోచిస్తున్నాను. నాకు కప్పిన శాలువాల్లో ఒక్కటైనా ఆయనకు కప్పవలసింది కదా అనిపించింది. కప్పి ఉంటే ఆయన దాన్ని ఎండకెత్తి చూసి, పోగు లెక్కపెట్టి, "మిల్లుది," అనేవాడు.

తలుపు తెరుచుకుంది. అమ్మ నీలం చీరెలో, ఎర్ర అంచుతో, గడప దాటడానికి ఆగి నిలబడింది. నడిస్తే చిలుకలన్నీ ముందుకు పోతున్నాయి, వరుస చివరిది మాత్రం ఆమె నడుము దగ్గర నుంచి వెనక్కి చూస్తోంది. పెరుగు ఇచ్చి వచ్చిన మా ఇంటామె గుమ్మంలోనే నోరు తెరిచి నిలబడింది. అమ్మ వచ్చి తన నులక మంచం మీద, రోజూ కూర్చునే చోటే కూర్చుంది, రోజూ కట్టే చీరె కట్టుకున్నట్టు పోకచెక్క తీసుకుంది. కుచ్చిళ్లు మాత్రం నలగకుండా ఒక పక్కకు సర్దుకుంది.

నాకు అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. అన్న లాగు చిరిగిన ఏడాది పూల చీరె చెదిరింది. చెల్లెకు లంగా లేని ఏడాది నెమళ్లు చెదిరాయి. మా దండెం మీద బట్ట తక్కువైన ప్రతిసారీ మా మగ్గం మీద తప్పు జరిగింది. ఈ లెక్క ఇన్నేళ్లూ నా కళ్ల ముందే ఆరేసి ఉంది.

"అమ్మా, మరి నా ఏనుగుల అంగీ?"

"నీ పాత అంగీ మోచేతుల కాడ చినిగింది, బడికి పోనని ఏడిస్తివి గదరా."

"దానికి రెండు తోకలెందుకు పెట్టినవే?"

అమ్మ పోకచెక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది.

"పండుగ దగ్గర పడ్డది. తొందరల ముడులేసిన."